కెమెరా కంటిపాప మీద అంకెలు

మీ ఇంట్లో అటక మీద పాత కెమెరా ఏదైనా ఉందేమో, పెద్దవాళ్ళనడిగి ఒకసారి దింపించి చూడండి. లెన్సు చుట్టూ ఉంగరం లాంటిది ఒకటి ఉంటుంది. దానిమీద వరసగా కొన్ని అంకెలు చెక్కి ఉంటాయి: 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఎంతసేపు చూసినా వీటికి ఒక పద్ధతంటూ ఉన్నట్టు కనిపించదు. రెండో ఎక్కమా అంటే కాదు. 2 తరవాత 3 రాకుండా 2.8 ఎందుకొచ్చింది? 8 తరవాత 11 వచ్చి, దాని తరవాత 16 రావడంలో అర్థమేమిటి?

ఉంగరాన్ని మెల్లగా తిప్పుతూ లెన్సులోకి తొంగి చూడండి. (కొన్ని కెమెరాల్లో మీట నొక్కితేనేగాని ఈ తమాషా కనిపించదు.) పల్చటి రేకులు కొన్ని ఒకదానిమీదికొకటి జరుగుతూ మధ్యనున్న రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేస్తుంటాయి. మన కంటిపాప ఎండలో ముడుచుకుని చీకట్లో విప్పారుతుంది చూడండి, అలాగన్నమాట. ఇక్కడ ఇంకో వింత ఉంది. అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది! 2 దగ్గర రూపాయి బిళ్ళంత ఉన్నది కాస్తా 22 దగ్గరికొచ్చేసరికి ఆవగింజంత అయిపోతుంది.

ఈ సంగతి తెలియక నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో మా బాబాయి దగ్గర కెమెరా ఎరువు తెచ్చాను. మా నాయనమ్మకి అప్పటిదాకా ఒక్క ఫొటో కూడా లేదు. "ముసలిదాన్ని, నాకెందుకురా" అంటూనే కొత్త చీర కట్టుకుని వసారాలో కుర్చీ మీద కూర్చుంది. పొద్దు వాలిపోతోంది. వెలుతురు తక్కువగా ఉంది కనుక లోపలికి ఎక్కువ వెలుగు పోవాలి, ఎక్కువ వెలుగు పోవాలంటే ఎక్కువ అంకె పెట్టాలి అని తర్కించి, ఉంగరాన్ని 2.8 మీంచి 16 మీదికి తిప్పాను. నాలుగు ఫొటోలు తీశాను. స్టూడియో పెద్దాయన ఫిలిం కడిగి వెలుగుకెదురుగా పట్టి చూపించాడు. నాలుగూ గాజు ముక్కల్లా ఖాళీగా ఉన్నాయి. "లోపలికి వెలుగే పోలేదు బాబూ! పదహారంటే పదహారు కాదు, పదహారో వంతు" అన్నాడాయన. నాయనమ్మ ఆ ఏడే పోయింది. మళ్ళీ ఫొటో తీసే అవకాశం రాలేదు.

పదహారో వంతు సరే, దేనిలో పదహారో వంతు?

దేనిలో వంతు?

కుంభాకార కటకం గురించి మీరు బళ్ళో చదువుకునే ఉంటారు. దూరాన్నుంచి సమాంతరంగా వచ్చే కిరణాల్ని అది ఒక బిందువు దగ్గర చేరుస్తుంది. కటకం నుంచి ఆ బిందువుకి ఉన్న దూరమే నాభ్యంతరం. కెమెరా లెన్సు అంచు మీద 50 మి.మీ. అని రాసి ఉంటే ఆ 50 నాభ్యంతరమే.

ఉంగరం మీది అంకె చెప్పేదల్లా ఇంతే: రంధ్రం వ్యాసం నాభ్యంతరంలో ఎన్నో వంతు? 2 అంటే సగం. 50 మి.మీ. లెన్సుకి 2 పెడితే రంధ్రం వెడల్పు 25 మి.మీ. 4 పెడితే నాలుగో వంతు, అంటే పన్నెండున్నర మి.మీ. 16 పెడితే 3 మి.మీ. పైచిలుకు. బెల్లం అచ్చును ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చే ముక్క పెద్దదా, పదహారుగురు పంచుకుంటే వచ్చేది పెద్దదా? నాకు ఆనాడు ఈ ప్రశ్న వేసేవాళ్ళు లేకపోయారు. దీన్ని ఎఫ్ సంఖ్య అంటారు. ఎఫ్ అంటే నాభ్యంతరం. ఫొటోగ్రాఫర్లు ఎఫ్ రాసి, పక్కన ఏటవాలు గీత గీసి, ఆ తరవాత అంకె వేస్తారు. ఆ గీత భాగహారం గుర్తే.

మరి "రంధ్రం 25 మి.మీ." అని సూటిగా చెక్కితే పోయేదానికి ఈ వంతుల గొడవ ఎందుకని అడుగుతారేమో. మంచి ప్రశ్న. అసలు కిటుకంతా అందులోనే ఉంది.

రెండు లెన్సులున్నాయనుకోండి. ఒకదాని నాభ్యంతరం 50 మి.మీ., రెండోదానిది 100 మి.మీ. రెండిటికీ 25 మి.మీ. రంధ్రమే పెట్టి, ఎదురుగా దూరంగా ఉన్న తెల్ల గోడను ఫొటో తీస్తున్నాం. గోడ మీది ఒక ఇటుక నుంచి రెండు లెన్సుల్లోకీ వచ్చే వెలుగు ఒకటే, ఎందుకంటే రంధ్రాలు ఒకటే. కాని 100 మి.మీ. లెన్సు ఆ ఇటుక బొమ్మను రెండింతలు పొడవుగా, రెండింతలు వెడల్పుగా వేస్తుంది. బొమ్మ వైశాల్యం నాలుగింతలయింది. డబ్బాడు సున్నంతో ఒక గోడకి వెల్ల వేస్తే తెల్లగా వస్తుంది. అదే డబ్బాడు సున్నంతో నాలుగు గోడలకీ వేయబోతే? వెలుగూ అంతే. ఫిలిం మీద ఒక్కొక్క చదరపు మిల్లీమీటరుకి నాలుగో వంతు వెలుగే దక్కుతుంది. పూర్వం టూరింగు టాకీసుల్లో ప్రొజెక్టరును తెరకి మరీ దూరంగా పెడితే బొమ్మ పెద్దదై వెలవెలబోయేది, అదీ ఇందుకే.

రెండో లెన్సు కూడా మొదటిదానంత వెలుగైన బొమ్మ ఇవ్వాలంటే దాని రంధ్రాన్ని 50 మి.మీ. చేయాలి. అప్పుడు వైశాల్యం నాలుగింతలై లోటు తీరుతుంది. ఇప్పుడు వంతులు వేసి చూడండి. 25 మి.మీ. రంధ్రం 50లో సగం. 50 మి.మీ. రంధ్రం 100లో సగం. రెండూ ఎఫ్ 2 లే! లెన్సు పొట్టిదైనా పొడుగుదైనా, దాని మీద 2 అని ఉందంటే ఫిలిం మీద పడే వెలుగు ఒకటే. రంధ్రం వెడల్పు ఒక్కటే చెబితే ఈ సంగతి తెలియదు, వంతు చెబితే తెలుస్తుంది.

భూతద్దంతో ఒక పని

ఇదంతా నా మాట మీద నమ్మనక్కర్లేదు. పగటి పూట ఒక గదిలో తలుపులు మూసి, ఒక్క కిటికీ తెరిచి ఉంచండి. కిటికీకి ఎదురు గోడ దగ్గర భూతద్దాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపండి. ఒక చోట కిటికీ బొమ్మ, దాని వెనకున్న చెట్టూ ఆకాశంతో సహా తలకిందులుగా గోడ మీద పడుతుంది. (సూర్యుడికేసి మాత్రం భూతద్దంలోంచి ఎప్పుడూ చూడకండి. కళ్ళు పోతాయి.)

ఇప్పుడు ఒక అట్టముక్కతో భూతద్దాన్ని సగానికి మూస్తే ఏమవుతుందో ముందు ఊహించి చెప్పండి. కిటికీలో సగం మాయమవుతుందని నూటికి తొంభైమంది అంటారు. మూసి చూడండి. కిటికీ పూర్తిగా అలాగే ఉంటుంది! కాస్త మసకబారుతుంది, అంతే. చెట్టు చిటారు కొమ్మనున్న ఆకు నుంచి వచ్చే కిరణాలు కటకం మీద అన్ని చోట్లా పడతాయి. కటకంలోని ప్రతి ముక్కా మొత్తం బొమ్మను వేయగలదు. అందుచేత రంధ్రం చిన్నది చేస్తే బొమ్మ కత్తిరించుకుపోదు, దాని వెలుగు మాత్రమే తగ్గుతుంది.

నల్ల కాగితంలో భూతద్దం వ్యాసంలో సగం వ్యాసం ఉన్న రంధ్రం చేసి, కటకానికి అడ్డుపెట్టి కూడా చూడండి. వెలుగు సగానికి తగ్గుతుందనుకునేరు. నాలుగో వంతుకి తగ్గుతుంది. దానితోబాటు బొమ్మ అంచులు మునుపటికన్నా నిగ్గుతేలి కనిపిస్తాయి. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

2.8 కథ

ఇప్పుడు ఆ పిచ్చి అంకెల సంగతి చూద్దాం. ఫొటోగ్రాఫర్లకి కావలసిందేమిటంటే, ఉంగరాన్ని ఒక్క మెట్టు తిప్పితే వెలుగు సరిగ్గా సగం కావాలి. ఇంకో మెట్టు తిప్పితే అందులో సగం. 2 నుంచి 4 కి వెళితే వ్యాసం సగమవుతుంది, కాని వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక వెలుగు పావు వంతుకి పడిపోతుంది. 50 మి.మీ. లెన్సుకి లెక్క వేస్తే 25 మి.మీ. రంధ్రం వైశాల్యం సుమారు 491 చదరపు మి.మీ., పన్నెండున్నర మి.మీ. రంధ్రానిది 123. అంటే 2 కీ 4 కీ మధ్య ఒక మెట్టు తప్పిపోయింది. సగం వెలుగునిచ్చే ఆ మెట్టు దగ్గర వైశాల్యం 245 ఉండాలి. అందుకు వ్యాసాన్ని సగం చెయ్యకూడదు, 2 యొక్క వర్గమూలంతో భాగించాలి. అంటే 1.414 తో.

కాబట్టి 1 దగ్గర మొదలుపెట్టి 1.414 తో గుణించుకుంటూ పోండి. 1, 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఇది గుణశ్రేఢి! ఒకటి విడిచి ఒకటి చదివితే మీకు తెలిసినవే కనిపిస్తాయి: 1, 2, 4, 8, 16. మిగిలినవి 1.4, 2.8, 5.6, 11, 22. ఇవి కూడా ఒకదానికొకటి రెట్టింపులే. 5.6 కి రెట్టింపు 11.2 కదా అంటారేమో. నిజానికి అక్కడ ఉండవలసింది 11.31. ఉంగరం మీద చోటు చాలదు కనుక 11 అని ఊరుకున్నారు. అలాగే 22 అసలు 22.63. లెన్సులు చేసేవాళ్ళు కూడా ఇలాంటి చోట కాస్త చూసీచూడనట్టు పోతారు.

నేను చేసిన నిర్వాకాన్ని ఇప్పుడు మీరే లెక్కకట్టగలరు. 2.8 నుంచి 16 కి ఎన్ని మెట్లు? 4, 5.6, 8, 11, 16. అయిదు. ప్రతి మెట్టుకీ సగం చొప్పున అయిదు సగాలు, అంటే 32 లో ఒక వంతు. నాయనమ్మ ముఖం మీది వెలుగులో ముప్ఫై ఒక్క వంతులు బయటే ఆపేసి ఒక్క వంతు లోపలికి పంపానన్నమాట.

అయితే 16 పెట్టడమే తప్పనుకోకండి. వెలుగును కొలిచే గుప్పిళ్ళు రెండున్నాయి. ఒకటి రంధ్రం, రెండోది షట్టరు తెరిచి ఉంచే కాలం. ఒక మెట్టు రంధ్రం తగ్గిస్తే కాలాన్ని రెట్టింపు చేసి సరిపెట్టుకోవచ్చు. ఎఫ్ 8 తో సెకండులో 500వ వంతు, ఎఫ్ 11 తో 250వ వంతు, ఎఫ్ 16 తో 125వ వంతు, ఈ మూడింటిలో ఫిలిం మీదికి చేరే వెలుగు ఒకటే. కళ్ళు చెదిరే ఎండలో ఎఫ్ 16 పెట్టి, ఫిలిం వేగం 100 అయితే సుమారు 100వ వంతు సెకండు, 400 అయితే 400వ వంతు సెకండు ఇవ్వడం ఫొటోగ్రాఫర్ల పాత లెక్క. ఏ మీటరూ లేకుండా ఈ ఒక్క సూత్రంతో జీవితమంతా నెట్టుకొచ్చినవాళ్ళున్నారు.

మూడూ ఒకటే అయినప్పుడు ఏదో ఒకటి పెట్టేస్తే సరిపోదా? సరిపోదు. రంధ్రం చిన్నదైతే దగ్గరివీ దూరానివీ కూడా స్పష్టంగా పడతాయి. పెద్దదైతే ఒక్క ముఖం మాత్రం స్పష్టంగా ఉండి, వెనకున్న గోడా చెట్టూ మసకలోకి కరిగిపోతాయి. మీలో కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు జోడు తీసి, కాగితానికి గుండుసూదితో చిల్లు పొడిచి, అందులోంచి నల్లబల్ల మీది అక్షరాలు చూడండి. జోడు లేకుండానే చాలా మటుకు చదవగలుగుతారు. కాని మరీ చిన్న రంధ్రమూ పనికిరాదు. ఎఫ్ 22 దాటితే కాంతి తరంగాలు రంధ్రం అంచుల దగ్గర వంగి వ్యాపించడం మొదలుపెట్టి బొమ్మంతటినీ కాస్త మెత్తబరుస్తాయి. దీన్ని వివర్తనం అంటారు.

ఫిరంగుల వాళ్ళ లెక్కలు

1839లో డాగెర్ ఫొటోగ్రఫీని లోకానికి ప్రకటించినప్పుడు కెమెరాల్లో వాడిన లెన్సు సుమారు ఎఫ్ 15 ది. ఎండలో కూడా నిమిషాల తరబడి కదలకుండా ఉంటేగాని బొమ్మ పడేది కాదు. మనిషి అంతసేపు కదలకుండా ఎలా ఉంటాడు? మెడ వెనక ఇనప పట్టెడలు బిగించేవారు. వియన్నాలో గణితశాస్త్రజ్ఞుడు జోసెఫ్ పెట్స్‌వాల్ 1840లో ఎఫ్ 3.6 లెన్సును లెక్కకట్టి రూపొందించాడు. 15 ని 3.6 తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేయండి. పదిహేడింతల వెలుగు! ఆ లెక్కలు చేయడానికి ఆస్ట్రియా సైన్యంలోని ఫిరంగి దళం వాళ్ళు ఆయనకి సాయపడ్డారట. గుళ్ళ దారిని లెక్కకట్టే చేతులు కిరణాల దారిని లెక్కకట్టాయి. మనుషుల ముఖాలు హాయిగా ఫొటోల్లోకి ఎక్కడం అక్కణ్ణుంచే మొదలైంది.

పెద్ద రంధ్రం వచ్చాక దాన్ని అవసరాన్ని బట్టి చిన్నది చేసే ఉపాయం కావాలి కదా. ఇంగ్లండులో జాన్ వాటర్‌హౌస్ 1858లో లెన్సు గొట్టానికి ఒక చీలిక పెట్టి, అందులోకి రకరకాల రంధ్రాలున్న ఇత్తడి రేకులు దోపే పద్ధతి చెప్పాడు. వెలుగును ఆపే రేకు కనుక దానికి "స్టాప్" అని పేరు. రేకులు పోయినా పేరు పోలేదు. ఈనాటికీ ఫొటోగ్రాఫర్లు ఒక మెట్టును ఒక స్టాప్ అనే అంటారు.

అంకెల విషయంలో కూడా చాలాకాలం ఎవరి పద్ధతి వారిదే. 1881లో బ్రిటన్‌లోని ఫొటోగ్రాఫిక్ సొసైటీ వాళ్ళు ఎఫ్ 4 ని 1 అనుకుని, అక్కణ్ణుంచి 2, 4, 8, 16, 32 అంటూ లెక్కపెట్టే పద్ధతి తెచ్చారు. అంకె రెట్టింపైతే షట్టరు కాలం కూడా రెట్టింపు చేయాలి, వర్గమూలాల బెడద లేదు. నాకైతే పిల్లలకి ఇదే తేలికనిపిస్తుంది. కాని అది నిలబడలేదు. నూరేళ్ళు దాటిన కోడక్ కెమెరా ఎక్కడైనా కనిపిస్తే జాగ్రత్త, దానిమీది 4 అంటే మన 8 కావచ్చు. రెండు పద్ధతులూ ఒక్క 16 దగ్గర మాత్రం కలుస్తాయి.

రంధ్రం పెద్దది చేసే పోటీలో అందరికన్నా ముందుకి వెళ్ళినవాటిలో ఒకటి జర్మనీలోని జైస్ వారు 1960ల్లో చేసిన 50 మి.మీ., ఎఫ్ 0.7 లెన్సు. 50 ని 0.7 తో భాగిస్తే 71 మి.మీ. నాభ్యంతరం కన్నా రంధ్రమే పెద్దది! అలాంటివి పదే చేశారు. వాటిలో ఆరు అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకి వెళ్ళాయి. మూడింటిని సినిమా దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ సంపాదించి, 1975లో వచ్చిన "బారీ లిండన్" చిత్రంలో కొన్ని దృశ్యాల్ని కొవ్వొత్తుల వెలుగులోనే తీశాడు. ఇంకా ముందుకి పోదామన్నా దారి లేదు. గాలిలో స్పష్టమైన బొమ్మనిచ్చే కటకానికి 0.5 కన్నా తక్కువ ఎఫ్ సంఖ్య సాధ్యం కాదని కాంతిశాస్త్రం చెబుతుంది.

మరి నక్షత్రాల్ని చూసే దుర్భిణుల సంగతి? తమిళనాడులోని కావలూరులో, హైదరాబాదు నిజాం కళాశాలలో చదువుకున్న ఖగోళ శాస్త్రజ్ఞుడు వైనూ బప్పు పేరు పెట్టిన దుర్భిణి ఉంది. దాని దర్పణం వ్యాసం 2.3 మీటర్లు. ఎఫ్ సంఖ్య సుమారు 3.25. ఆ లెక్కన చందమామ బొమ్మ అందులోకన్నా మీ అటక మీది కెమెరాలో ఎఫ్ 2 దగ్గరే ఎక్కువ వెలుగుగా పడాలి. నిజంగానే అంతే! కాని నక్షత్రం ఎంత పెద్ద దుర్భిణిలోనైనా చుక్కే. పోగుచేసిన వెలుగంతా ఆ చుక్కలోకే చేరుతుంది, పరుచుకునేందుకు చోటు లేదు. కనుక నక్షత్రాలకి వంతు కాదు, దర్పణం వైశాల్యమే ముఖ్యం. మన సున్నం ఉపమానం అక్కడ చెల్లదు.

గాజు తీసుకునే సుంకం

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఒక దొంగ లెక్క ఉంది. మీలో ఎవరైనా పట్టుకున్నారా? రంధ్రంలోకి వచ్చిన వెలుగంతా ఫిలిం దాకా చేరుతుందనుకున్నాం. చేరదు.

రాత్రిపూట దీపం వెలిగించి కిటికీ అద్దంలోకి చూస్తే మీ ముఖం కనిపిస్తుంది. అద్దం మీద పడ్డ వెలుగులో కొంత వెనక్కి పరావర్తనం చెందడమే దానికి కారణం. మామూలు గాజుకి ఒక్కొక్క తలం దగ్గర ఇది నూటికి సుమారు 4 వంతులు. నాలుగే కదా అని తీసిపారేయకండి. కెమెరా లెన్సంటే ఒక్క కటకం కాదు, కొన్ని కటకాల బారు. గాలిని తాకే తలాలు 8 ఉన్నాయనుకోండి. 0.96 ని ఎనిమిదిసార్లు గుణిస్తే 0.72 వస్తుంది. నూటికి 28 వంతులు దారిలోనే పోయాయి. జూమ్ లెన్సుల్లో తలాలు ఇరవై కూడా దాటుతాయి. ఇరవైకి లెక్క వేస్తే మిగిలేది 44 వంతులే! దారిపొడుగునా సుంకం కట్టుకుంటూ వచ్చిన ధాన్యం బండిలా ఉంటుంది ఫిలిం చేరేసరికి వెలుగు పరిస్థితి. పైగా వెనక్కి పోయిన వెలుగు ఊరికే పోదు. తలాల మధ్య అటూ ఇటూ కొట్టుకుని కొంత మళ్ళీ ఫిలిం మీదే పడి, నల్లగా ఉండవలసిన చోట్ల బూడిదరంగు పూస్తుంది.

దీనికి మందు దొరికిన తీరు తమాషాగా ఉంటుంది. 1890ల్లో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ అనే లెన్సుల నిపుణుడు, గాలి సోకి ఏళ్ళ తరబడి మసకపొర పట్టిన పాత లెన్సుల్ని పరీక్షించాడు. పాడైపోయాయని అందరూ అనుకునే ఆ లెన్సులు కొత్తవాటికన్నా ఎక్కువ వెలుగును పంపుతున్నాయి! గాజు మీద ఏర్పడ్డ పల్చటి పొరే అందుకు కారణం. 1935లో జర్మనీలో అలెగ్జాండర్ స్మకులా గాలి తీసేసిన పాత్రలో లెన్సుల మీద అలాంటి పొరను కావాలని పరిచే పద్ధతి కనిపెట్టాడు. అమెరికాలో కాథరిన్ బ్లాడ్జెట్ అనే శాస్త్రజ్ఞురాలు 1938లో వేరే దారిన, నీటి మీద తేలే సబ్బులాంటి పొరల్ని ఒకదానిమీదొకటి గాజుకి అంటించి, ప్రతిబింబం కనిపించని గాజును తయారుచేసింది.

పొర ఎలా పనిచేస్తుందంటారా? వాన వెలిసిన రోడ్డు మీద నూనె చుక్క రంగులీనడం చూశారు కదా. అదే సూత్రం. పొర పైతలం నుంచి కొంత కాంతి, అడుగుతలం నుంచి కొంత కాంతి వెనక్కి మళ్ళుతాయి. పొర మందం కాంతి తరంగ దైర్ఘ్యంలో పావు వంతు ఉంటే, అడుగుదాకా వెళ్ళివచ్చిన తరంగం సరిగ్గా అర తరంగం వెనకబడుతుంది. ఒకదాని శృంగం మీద రెండోదాని ద్రోణి పడి రెండూ రద్దవుతాయి. వెనక్కి పోలేని ఆ వెలుగు ముందుకే పోతుంది. సాధారణంగా వాడే మెగ్నీషియం ఫ్లోరైడు పొర మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. అది ఆకుపచ్చ కాంతికి సరిపోయేట్టు వేస్తారు. దానితో ఎరుపూ నీలమూ మాత్రం కొద్దిగా వెనక్కి వస్తాయి. లెన్సును ఏటవాలుగా పట్టి చూస్తే వంగపండు రంగు మెరుస్తుందే, అది ఆ రెండూ కలిసిన రంగు. ఒక్క పొరతో నాలుగు వంతుల సుంకం ఒకటిన్నర లోపుకి దిగుతుంది. పొర మీద పొర వేసే ఇప్పటి పద్ధతుల్లో అర వంతుకి కూడా తగ్గుతుంది.

అయినా సున్నా కాదు. తలాలు 30 ఉన్న లెన్సు అయితే అర వంతు చొప్పున పోగా మిగిలేది 86 వంతులు. ఫొటోలు తీసేవాళ్ళకి దీనితో పెద్ద ఇబ్బంది లేదు. కెమెరా లోపలి మీటరు లెన్సులోంచి వచ్చిన వెలుగునే కొలుస్తుంది కనుక సుంకం పోగానే లెక్క చూపిస్తుంది. సినిమా వాళ్ళకి అలా కుదరదు. నాయకుణ్ణి ఒక లెన్సుతో దూరం నుంచి, ఇంకో లెన్సుతో దగ్గర్నుంచి తీసి రెండు ముక్కలూ అతికిస్తారు. రెండిటి మీదా ఎఫ్ 2.8 అనే ఉన్నా, ఒకటి ఎక్కువ వెలుగునీ ఇంకొకటి తక్కువ వెలుగునీ పంపితే, తెర మీద నాయకుడి ముఖం ఉన్నట్టుండి నల్లబడుతుంది. అందుకని సినిమా లెన్సుల మీద టీ సంఖ్య చెక్కుతారు. ఇది కొలబద్దతో తేల్చింది కాదు, నిజంగా అవతలికి చేరిన వెలుగును కొలిచి వేసింది. ఎఫ్ సంఖ్యను, చేరిన వెలుగు వంతు యొక్క వర్గమూలంతో భాగిస్తే టీ సంఖ్య వస్తుంది. 86 వంతులు పంపే ఎఫ్ 2.8 లెన్సుకి అది సుమారు 3. పొర లేని 44 వంతుల లెన్సుకైతే 4.2. చూశారా, పేరుకి 2.8, పనికి మాత్రం ఒక మెట్టుకి పైగా కిందికి దిగిపోయింది.

ఇక మీ ఇంట్లో ఉన్న ఫోనులోని కెమెరా. అందులో ఉంగరమూ లేదు, చాలావాటిలో రేకులూ లేవు. రంధ్రం మారదు. నాభ్యంతరం 5.4 మి.మీ., ఎఫ్ 1.8 అయితే రంధ్రం 3 మి.మీ. అంటే నా నాయనమ్మ ఫొటోకి నేను పెట్టినంతే! కాని నాభ్యంతరం పొట్టిది కనుక బొమ్మ చిన్నదై, వెలుగు చిక్కగా పడుతుంది. అలాగని మొత్తం వెలుగు ఎక్కువేమీ కాదు. చిన్న గోడకి సరిపడే సున్నమే ఉందక్కడ. చీకట్లో ఫొటో తీసేటప్పుడు చాలా ఫోన్లు వెంటవెంటనే కొన్ని ఫొటోలు తీసి వాటిని కలిపి ఒకటిగా చేస్తాయి.

చివరికి మీరు చేయవలసిన లెక్క ఒకటి మిగిలింది. మన కంటి నాభ్యంతరం సుమారు 17 మి.మీ. అనుకోండి. మండుటెండలో కంటిపాప 2 మి.మీ., చీకట్లో 7 మి.మీ. ఎఫ్ సంఖ్యలు ఎంతెంత? భాగించి చూడండి, ఒకటి ఎనిమిదిన్నర, ఇంకొకటి 2.4 వస్తాయి. ఈ రెండిటి మధ్య వెలుగు తేడా పన్నెండు రెట్లే. కాని పున్నమి వెన్నెల కన్నా ఎండ దాదాపు 4 లక్షల రెట్లు వెలుగైనది, మనం రెండింటిలోనూ నడవగలుగుతున్నాం! కంటిపాప చేసేది కాస్త సర్దుబాటే. మిగతా పనంతా వెనకున్న రెటీనాది. అది ఎండకో ఫిలిం, వెన్నెలకో ఫిలిం మార్చుకున్నట్టు తన వేగాన్ని మార్చుకుంటుంది. అయితే ఆ మార్పు తొందరగా జరగదు, పూర్తి కావడానికి అరగంట దాకా పడుతుంది. మధ్యాహ్నం ఆటకి ఆలస్యంగా వెళ్ళి, హాల్లో సీటు వెతుక్కుంటూ ఎవరి కాళ్ళో తొక్కి చీవాట్లు తిన్నప్పుడు మీ కంటిపాప తన వంతు పని ఎప్పుడో చేసేసి ఉంటుంది. రెటీనా ఇంకా ఫిలిం మారుస్తూ ఉంటుంది.